ఓరోరి

మా మనవరాలికి పేరు పెట్టే రోజు అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో వాన. అపార్ట్‌మెంట్ తలుపు దగ్గర తడిసిన చెప్పులు గుట్టపడ్డాయి. హాల్లో సోఫాను గోడకు జరిపి, దుప్పటి పరిచి, పళ్లెంలో బియ్యం పోశారు. పిల్ల తండ్రి ఉంగరంతో ఆ బియ్యంలో పేరు రాయాలి. ఆసుపత్రిలో పేరు అడిగితే తర్వాత చెబుతామని వచ్చేశారు.

నా కూతురు జాహ్నవికి తల్లి పేరు పెట్టుకోవాలని ఉండేది. ఉష. జాహ్నవి తొమ్మిదో తరగతిలో ఉండగా నా భార్య పోయింది. ఆ మాట ఎత్తగానే మా వియ్యపురాలు మీనాక్షిగారు పాలసీసా కడుగుతూ, ఇటు తిరగకుండానే అన్నారు:

"ఆయుష్షు లేని పేరు పసిపిల్లకి ఎందుకమ్మా?"

నా అల్లుడు కౌశిక్ ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. జాహ్నవి మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ వారంలోనే పిల్లని డాక్టరుకు చూపించి వస్తూ దారిలో ఆగాం. కౌశిక్ మందుల షాపులోకి వెళ్లాడు. కారులో పిల్లతో నేనూ జాహ్నవీ మిగిలాం.

"నాన్నా, ఓరోర్ అని ఫ్రెంచ్ పేరు ఉంది. అంటే ఉషస్సు. అమ్మ పేరే. అత్తయ్యకి ఫ్రెంచ్ అని మాత్రమే చెబుతాను. మీరు నోరు జారకండి."

"నేనెప్పుడు జారానే?"

నవ్వింది. పురుడు పోసుకున్నాక దాని మొహంలో నవ్వు నేను చూడలేదు అప్పటిదాకా.

పేరు మీనాక్షిగారికి నచ్చింది. ఫ్రెంచ్ అనగానే నచ్చింది. నేపర్‌విల్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "మనవాళ్లలో ఎవరికీ లేదట, ఎంతో క్లాస్‌గా ఉంటుందట" అని చెప్పుకున్నారు. చివరి అక్షరాన్ని గొంతులో ఎలా తిప్పాలో వీడియో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. పోపు వేస్తూ కూడా ఆవిడ ఆ పేరే గరగరమని పలుకుతుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. ఏ పేరు వద్దన్నారో ఆ పేరే రోజంతా ఆవిడ నోట.

బారసాలకు కౌశిక్ ఆఫీసు స్నేహితుడు తేజేశ్వర్, అతని భార్య నమ్రత వచ్చారు. తేజేశ్వర్‌ది వరంగల్.

"గిదేం పేరు అన్నా! ఓరోరీ, ఇటు రారా అని పిలవాల్నా?" అన్నాడతను. కౌశిక్ కూడా నవ్వాడు.

"నువ్వూరుకో," అంది నమ్రత. "ఎంత ఎలిగెంట్‌గా ఉంది! ఇక్కడ ఏ డేకేర్‌లో చూసినా ఆద్యలే. ఒకర్ని పిలిస్తే నలుగురు తిరుగుతారు. ఇదైతే యూనిక్, ఆంటీ."

"నేనూ అదే అన్నాను," అన్నారు మీనాక్షిగారు కొంగు సర్దుకుంటూ. "ఓ... ర్హోర్. అలా గొంతులో తిప్పాలి."

"మీరు తిప్పేలోపు పిల్ల కాలేజీకి పోతది ఆంటీ."

కౌశిక్ వేలి ఉంగరం తీశాడు. నమ్రత ఫోన్ తీసింది.

"మీనింగ్ చూద్దాం ఉండండి... ఆ, డాన్! అంటే తెల్లవారుజాము. మన ఉష అన్నమాట. అబ్బ, జాహ్నవీ, సో స్వీట్! మీ అమ్మగారి పేరు కూడా ఉషే కదా?"

జాహ్నవి పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. మీనాక్షిగారు నవ్వుతూనే ఉన్నారు. కళ్లు మాత్రం జాహ్నవి దాకా వెళ్లి వచ్చాయి.

"అలాగా," అన్నారు. "బాగుంది. కానీ పలకడం కష్టమేమో కదూ, నమ్రతా?"

నమ్రత ఆవిడ మొహం చూసింది. ఫోన్ బోర్లా పెట్టింది.

"అవునాంటీ. స్పెల్లింగ్ కూడా కష్టమే. ఎవరూ సరిగ్గా రాయరు."

"నేను ముందే చెప్పిన," అన్నాడు తేజేశ్వర్. ఈసారి నవ్వలేదు.

"ఆద్య అందాం. నలుగురుంటే ఏం? మంచి పేరు గనకే నలుగురూ పెట్టుకున్నారు," అన్నారు మీనాక్షిగారు.

"క్యూట్‌గా ఉంటుందాంటీ," అంది నమ్రత.

ఉష అన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. స్పెల్లింగ్ గురించి మాత్రం చాలాసేపు మాట్లాడుకున్నారు.

"మామయ్యా, మీరేమంటారు?" అన్నాడు కౌశిక్. పిల్ల పుట్టాక నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి. అడుగుతూనే ఉంగరం బియ్యంలో ఆనించాడు. నేను గొంతు సవరించుకునేసరికి 'ఆ' పూర్తయింది. 'ద్య' దగ్గర గింజలు జారితే, మీనాక్షిగారు అతని చెయ్యి పట్టుకుని దిద్దించారు.

భోజనాలయ్యాక మీనాక్షిగారు ఆ బియ్యం పళ్లెం లోపలికి తీసుకెళ్లారు, పరమాన్నం వండడానికి. పిల్ల ఏడుస్తుంటే నేనెత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట కార్ల మీద వాన పడుతోంది. పిల్ల నుదురు మా ఉష నుదురు, వెడల్పుగా.

"ఓరోరీ," అన్నాను.

ఏడుపు ఆపి చూసింది.

"చూసినవా, అంకుల్‌కి అదే అలవాటైంది!" అన్నాడు తేజేశ్వర్. అందరూ పగలబడి నవ్వారు. మీనాక్షిగారు గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చారు.

"ఆడపిల్లని ఆ మోటు పిలుపేంటి అన్నయ్యగారూ? నోటికి అలవాటైతే పోదు. చక్కగా ఆద్య అనండి."

నేను జాహ్నవి వైపు చూశాను. అది వచ్చి నా చేతుల్లోంచి పిల్లను తీసుకుంది. నా కళ్లలోకి చూడలేదు.

"ఆద్య అనండి, నాన్నా," అంది.

అన్నాను.