వడకట్టిన నీళ్లు

గట్టు మీది జనం ఆమెను సీసాలమ్మ అంటారు. వారానికోసారి పడవెక్కి, ఆ సముద్రమంత సరస్సులోంచి ఆరు సీసాల నీళ్లు తెచ్చి పరీక్ష చేయడం ఆమె ఉద్యోగం. ఆ మధ్యాహ్నం సీసాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మండు వేసవి. సరస్సంతా నాచు పట్టి, రంగు డబ్బా ఒలికినట్టు ఆకుపచ్చగా ఉంది. ఆఫీసులో పెద్దసారు మాత్రం రిపోర్టులో 'భాస్వరం దాదాపు సున్నా, ఈతకు అనుకూలం' అని రాసి సంతకానికి ఆమె ముందుకు తోశాడు. రేపటి నుంచి రేవులో పిల్లలకు ఈత తరగతులు. రెండు వందల మంది దిగుతారు, వాళ్లలో ఆమె అక్క కూతురొకతి.

"కిటికీలోంచి ఒక్కసారి చూడండి సార్, ఆ రంగేంటో!"

"రంగుకి రిపోర్టులో గడి లేదమ్మా, భాస్వరానికే ఉంది. అది సున్నా. తిండే లేకపోతే నాచెలా పెరుగుతుంది?"

"తిండంతా అదే మింగి కూర్చుంది సార్! కంచం ఖాళీగా ఉందంటే ఎవరూ తినలేదని కాదు, తిన్నవాడు లేచి చెయ్యి కడుక్కున్నాడని!"

చలికాలంలో పొలాల ఎరువులోని భాస్వరం నీళ్లలో కరిగి ఉంటుంది, అంకె పెద్దదొస్తుంది, నీళ్లు తేటగా కనిపిస్తాయి. ఎండలు ముదిరాక అదంతా నాచు కడుపులోకి పోతుంది. పరీక్షకు ముందు నీళ్లు వడకడతారు కాబట్టి నాచు వడకాగితం మీదే మిగిలి చెత్తబుట్టలో పడుతుంది. సరస్సు ఎంత పాడైతే రిపోర్టు అంత శుభ్రం. ఇంతకంటే సిగ్గుమాలిన లెక్క ఇంకెక్కడైనా ఉంటుందా?

ఆమె బుట్టలోంచి వడకాగితం తీసి బల్ల మీద కొట్టింది. "ఇదిగో మీ భాస్వరం!"

కుళ్లు కంపుకి పెద్దసారు టీ కప్పు పక్కకు జరుపుకున్నాడు. "వడకట్టమని నేను చెప్పానా? మిషను గొట్టం పూడుకుపోతోందని పదేళ్ల కిందట మొదలుపెట్టింది ఎవరమ్మా?"

ఆమే. ఉద్యోగంలో కొత్త, వారం వారం గొట్టం కడగలేక చేసిన పని. అంకెలు ముద్దుగా వస్తున్నాయని పెద్దసారు దాన్నే పద్ధతి చేశాడు. దొంగ చేతికి తాళాలు తనే ఇచ్చింది.

"ఇప్పుడు కాదంటే పదేళ్ల రిపోర్టులూ తప్పే. అన్నిటి కిందా నీ సంతకమే. ఉద్యోగం ఉంటుందా?"

"ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది. పిల్లల్ని మాత్రం దిగనివ్వను!"

మిగిలిన సీసాను వడకట్టకుండా పరీక్షకు పెట్టింది. ఉండాల్సినదానికి పదకొండు రెట్లు వచ్చింది. 'పదేళ్లుగా వేసవి అంకెలన్నీ తప్పు, ఆ తప్పు మొదలుపెట్టింది నేను' అని రాసి, సంతకం పెట్టి, పెద్దసారుతో చెప్పకుండా నేరుగా పట్టణ కార్యాలయంలో ఇచ్చింది. సాయంత్రానికల్లా రేవుకు అడ్డంగా తాడు కట్టారు.

అప్పుడు అక్కకు ఫోను చేసింది. "పాపను రేపు పంపకక్కా. ఆ నాచులో విషం ఉంటుంది."

"పోయిన వేసవిలో దానికి ఒళ్లంతా దద్దుర్లొచ్చి పది రోజులు ఆస్పత్రిలో ఉంటే, నీళ్ల వల్లేమోనని నిన్నే కదే అడిగాను?"

"అవునక్కా."

"ఏమన్నావు?"

"నీళ్లు శుభ్రంగా ఉన్నాయన్నాను."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. అక్క తిట్టకుండానే ఫోను పెట్టేసింది.