బంతికి గుచ్చిన పెన్సిలు

మా చెల్లెలి కూతురు నోటితో చెబుతుంది, నేను రాస్తాను. రెండేళ్లుగా సాయంత్రాలు ఇదే మా ఇద్దరి పని. బడి వ్యాసాలే కాదు, స్నేహితురాలికి అలక చీటీలు కూడా నాచేతే రాయించేది. దానికి తెలివి తక్కువేం కాదు. వాగుడు మొదలెడితే చెవులు చిల్లులే. చెయ్యి మాత్రం మాట వినదు. పెన్సిలును పీక పిసికినట్టు పట్టుకుంటుంది. మొన విరుగుతుంది, అక్షరాలు గీత దాటి పారిపోతాయి. నా ఒంటిగదికి వేరే మనుషుల రాకపోకలు లేవు. దాని చెయ్యి అలా ఉండటం నాకు కలిసొచ్చింది. పాపిష్టి మాటే, అయినా నిజం.

ఈమధ్య హెడ్మాస్టరమ్మ తేల్చేసింది: పరీక్ష తన చేత్తో రాస్తేనే పై తరగతి. ఆవిడదేం పోయింది, చెప్పేసి చేతులు దులుపుకుంది.

నేను సోఫా కవర్లు కుట్టే దుకాణంలో పనిచేస్తాను. పారేసే స్పాంజి ముక్క తెచ్చి పెన్సిలుకు చుట్టి దారంతో బిగించాను. చెమటకు జారిపోయింది. రెగ్జిన్ చుట్టాను. వేలు ఒరుసుకుని ఎర్రబడింది.

"నీకెందుకు పెద్దమ్మా ఈ తంటా? నువ్వే రాసెయ్యి."

"అలాగే. రేపు నీ పెళ్లి సంతకం కూడా నేనే పెట్టేసి, ఆ పెళ్లికొడుకుని నేనే తీసుకుపోతా."

పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. 'నువ్వే రాసెయ్యి' అన్న మాట ఎంత తియ్యగా ఉందో నాకే తెలుసు. సరేనని ఊరుకుంటే ఈ సాయంత్రాలు నాకు మిగులుతాయి, దాని చదువు ఆగిపోతుంది.

చివరికి మెత్తని రబ్బరు బంతికి కాల్చిన మేకుతో చిల్లు పెట్టి, అందులో పెన్సిలు దూర్చాను. బంతిని గుప్పిట్లో పట్టుకోమన్నాను. పుస్తకం కింద చెక్కను ఏటవాలుగా ఆనించాను. ఒక్క వరుసే కనిపించేలా అట్టముక్కలో కిటికీ కోసి కాగితం మీద పరిచాను. వంకరటింకరగానే అయినా, ఆ కిటికీ దాటకుండా, ఒక వాక్యం పూర్తయింది.

"వచ్చేసింది పెద్దమ్మా!" అని గంతేసింది. నాకు కళ్లు చెమర్చాయి, సంతోషంతోనే.

వెంటనే ఇంకో వాక్యం మొదలెట్టింది. ఏం రాస్తోందా అని వంగాను. ఎడమచెయ్యి అడ్డం పెట్టేసింది.

"నువ్వు చూడకూడదు. ఇది నాది."

"అబ్బో, పెద్దదానివైపోయావే!" అన్నాను. లేచి వెళ్లి, మంచం మీద అటు తిరిగి కూర్చున్నాను. కాగితం మీద పెన్సిలు గరగరలాడుతూనే ఉంది. దాని మనసులో మాట నాకు తెలియకుండా కాగితం ఎక్కడం ఇదే మొదలు.