తోమిన నాణేలు

సింకు నిండా గిన్నెలున్నాయి, తోముడు పొడి డబ్బా మాత్రం ఖాళీగా ఉంది. ఆఫీసు నుంచి వచ్చి, చేతిసంచి కుర్చీలో పడేసి నేరుగా వంటింట్లోకి వెళ్ళిన ఆమెకు ఇదేం వింతో అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ డబ్బా మూత ఆమె తప్ప ఇంకొకరు తీసిన పాపాన పోలేదు. పెళ్లైన మొదటి వారంలోనే భర్త తేల్చేశాడు: "నాకు తోమడం చేతకాదే. జిడ్డు వదలదు, మళ్ళీ నువ్వే తోముకోవాలి." అత్తగారు వెంటనే అందుకుని, "వాడికి చిన్నప్పటి నుంచీ అంతేనమ్మా, చేతిపని రాదు" అంది, కొడుక్కేదో బహుమతి వచ్చినంత మురిపెంగా. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆయనకు రానివన్నీ ఆమెకు వచ్చి తీరాల్సిన పనులయ్యాయి. ఆఫీసులోనూ అంతే. రికార్డుల విభాగంలో పద్దెనిమిదేళ్ల అనుభవం ఆమెది. మీటింగంటే మాత్రం టీ కప్పులు సర్దడానికి అందరి చూపులూ ఆమె వైపే తిరుగుతాయి.

"ఇటు రా, ఒకటి చూపిస్తాను!" ముందుగదిలోంచి భర్త కేక.

టేబుల్ మీద ఆమె దాచుకున్న కొత్త తువ్వాలు పరిచి ఉంది. దాని మీద వరసలుగా వెండి నాణేలు, అద్దాల్లా తళతళ.

"అరవై నాలుగు! మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్కటే తోమాను. మసిబారిపోయి ఉన్నాయి మీ పెద్దమ్మ నాణేలు. రేపు వాటిని చూసే పెద్దమనిషి ముందు పరువు పోదూ? రాగివి కూడా తోమేద్దామంటే పొడి అయిపోయింది."

"పొడి తెమ్మని చీటీలో రాసిచ్చానుగా, మర్చిపోయి వచ్చింది" అని అత్తగారు పక్కగదిలోంచి సాక్ష్యం చెప్పింది.

ఆమె కుర్చీలో కూలబడింది. పెద్దమ్మ ఒక రైల్వే స్టేషన్లో టిక్కెట్లిచ్చేది. పెళ్లి చేసుకోలేదు. కౌంటర్లోకి పాత నాణెం ఏదైనా వస్తే తన డబ్బు అందులో వేసి దాన్ని తీసుకునేది. తొమ్మిదేళ్ల పిల్లగా సెలవులకు వెళ్ళిన ఈమెను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి నాణేన్నీ చిన్న కాగితం పొట్లంలో పెట్టి, అది ఏ రోజు, ఎవరి చేతిలోంచి వచ్చిందో పైన రాయించేది. అంచు పట్టుకో, ముఖం ముట్టుకోకు, ఎంత నల్లగా ఉన్నా తోమకు అనేది. ఆ నలుపు దాని వయసు, తోమితే వయసుతో పాటు విలువా పోతుందని చెప్పేది. పోయేముందు అన్నీ ఈమె పేరే రాసింది.

ఈమె వాటిని అమ్మాలనుకున్నది ఒక్కందుకే. పాత వస్తువులను భద్రపరచడం నేర్పే మ్యూజియం కోర్సు ఒకటుంది. పెళ్లైన ఏడాదే అందులో సీటొస్తే వదిలేసింది. ఇప్పుడు మళ్ళీ వచ్చింది. ఫీజు కట్టాలి, ఏడాదిపాటు జీతం లేని సెలవు పెట్టాలి. "ఈ వయసులో చదువేమిటి? ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు భర్త. అంతకుమించి చర్చ జరగలేదు.

"వీటిని ముట్టుకోవద్దని మీకు మూడుసార్లు చెప్పాను" అంది.

"నువ్వెప్పుడు చెప్పావు?"

నిజమే, ఆమె చెప్పింది, ఆయన వినలేదు. ఆ ఇంట్లో ఆమె మాటకు ఫ్యాను చప్పుడుకున్నంత విలువే. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఆ కోపంలో ఎన్నడూ లేని స్థిమితం కూడా వచ్చింది.

మర్నాడు ఇద్దరూ వెళ్ళాక, నాణేల పరీక్షకుడు తన గదిలో వెండివాటి మీద భూతద్దం పెట్టి, రెండు చూసి, మూడోది చూడకుండానే పక్కన పెట్టేశాడు.

"ఎవరు తోమారండీ వీటిని?" అని భర్తను అడిగాడు.

"మా ఆవిడేనండీ" అని నవ్వాడు భర్త. "తోముడు పిచ్చి. ఇంట్లో ఏది కనిపించినా వదలదు."

ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఆమె తోమనివి ఏవైనా ఉన్నాయంటే ఈ నాణేలే. ఆ నిందా ఆమెకే రావాలా?

"నేను తోమలేదు. ఈయన తోమారు" అంది ఆమె.

భర్త దగ్గాడు. పరీక్షకుడు కళ్ళజోడు సర్దుకుని మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "ఈ పొట్లాల మీద రాత?"

"నాది. తొమ్మిదేళ్లప్పటిది."

"వెండివి ఇక కరిగించే ధరకే పోతాయమ్మా, క్షమించాలి. రాగివి వేరే సంగతి." పొట్లం నుంచి ఒక నల్లటి నాణేన్ని ఆయన అంచు పట్టుకునే తీశాడు. దాని మీద బొమ్మ సగం పక్కకు జరిగిపోయి ఉంది. ఆయన పొట్లం మీది రాత పైకి చదివాడు: "వంకర అచ్చు. చెల్లదని ఒక ముసలాయన్ను అందరూ తిప్పి పంపేశారు. పెద్దమ్మ తీసుకుంది." భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. "ఇలాంటిది నేను ఒక్కసారే చూశాను. ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాసి ఉంది. ఈ ఒక్కటీ వేలంలో పెడితే చాలు, మిగతావి అమ్మనక్కర్లేదు."

ఆయన చెప్పిన ధర ఆమె ఫీజుకూ, ఏడాది జీతానికీ సరిపోయి ఇంకా మిగిలేంత ఉంది. పొడి తేవడం మర్చిపోయినందుకు ఆమె తన్ను తాను మనసారా మెచ్చుకుంది. పరీక్షకుడు అమ్మకం కాగితాన్ని అలవాటు కొద్దీ భర్త వైపు జరిపాడు. ఆమె చెయ్యి చాచి దాన్ని తన వైపు లాక్కుని సంతకం పెట్టింది. వెండివి కూడా అక్కడే ఇచ్చేసింది, ఒక్కటి మాత్రం ఉంచుకుంది.

దారిలో దుకాణం దగ్గర ఆగి తోముడు పొడి కొంది. ఇంటికొచ్చేసరికి సింకులో గిన్నెలు ఎదురుచూస్తున్నాయి. డబ్బాను తీసుకెళ్ళి భర్త ముందు పెట్టింది.

"వచ్చే నెల నుంచి కోర్సుకి వెళ్తున్నాను. రేపే సెలవు చీటీ ఇస్తాను."

"మరి ఇల్లు? నాకు తోమడం చేతకాదని తెలుసుగా!"

ఆమె సంచిలోంచి తళతళలాడే వెండి నాణెం తీసి డబ్బా పక్కన పెట్టింది. దాని మీది ముఖానికి కళ్ళూ ముక్కూ అరిగిపోయి ఉన్నాయి. ఆయన దాన్ని చూశాడు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. గుమ్మంలోకి వచ్చిన అత్తగారు నాణేన్ని చూసి వెనక్కి తిరిగింది.

"గిన్నెలకు ఇంత మెరుపు అక్కర్లేదు" అంది ఆమె, లోపలికి వెళ్తూ. "జిడ్డు వదలకపోతే మాత్రం మళ్ళీ మీరే తోముకోవాలి."