నీళ్లు పెట్టిన గుర్తు

కాలవ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

మోకాళ్ల దాకా.

నైలు నుంచి ఎన్ని ఊళ్లు తిరిగొచ్చాయో — అలసిపోయినట్టు, మట్టిరంగులో, చప్పుడు లేకుండా...

మెత్వల్లి వాటిలో నిలబడి ఉన్నాడు. వరికి మడవ తీశాడు. ఇక చేసే పనేం లేదు. అయినా గట్టెక్కలేదు.

ఇవాళ పట్నం ఆసుపత్రికి వెళ్లాలి.

మొన్న డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. "కాలవలో పురుగు నీ కాళ్లలోంచి ఎక్కింది బాబాయ్. ఏళ్ల తరబడి మూత్రసంచిలో గుడ్లు పెట్టింది. ఇప్పుడు నీ మూత్రంలో కేన్సర్ గుర్తు కనిపిస్తోంది. లోపల చూడాలి. సంచి తీసేయాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే అదీ చాలదు."

గుర్తు.

ఆ మాట దగ్గరే అతను ఆగిపోయాడు.

"ఎర్రగా పోయడం ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది.

"నేను మగాణ్నయిన ఏడాది," అన్నాడు. కాస్త గర్వంగానే అన్నాడు.

ఆమె తల దించుకుంది.

ఈ గట్టు మీదే — మగపిల్లలంతా వరసగా నిలబడేవాళ్లు. ఎర్రగా పడితే మగాడు. పడకపోతే ఊరంతా ఏడిపించేది.

"ఇంకా రాలేదేంట్రా? పోయి మీ అక్కతో రొట్టెలు కాల్చుకో!"

ఎంత ఎదురుచూశాడు! ఎంతసేపు మునిగేవాడు ఈ నీళ్లలో...

ఎర్రగా వచ్చిన రోజు అమ్మ నేతిలో గుడ్డు వేయించి పెట్టింది. నాన్న దగ్గరికి పిలిచాడు. చేతికి పార ఇచ్చాడు.

అప్పుడదీ గుర్తే.

ఇప్పుడిదీ గుర్తే.

మధ్యలో మాత్రలు మింగాడు. తగ్గింది. మళ్లీ దిగాడు. వరికి కాలవ కావాలి. కాలవకి కాళ్లు కావాలి.

గట్టు మీదికి భార్య సనియ్య వచ్చింది. చేతిలో ఉతికిన పొడుగు చొక్కా, గలాబియా.

"షాబాన్ నాన్నా! బస్సు నీకోసం కాచుక్కూచుంటుందా? నీకంటే గేదె నయం, పిలిస్తే వస్తుంది."

"కొయ్యడానికి పిలిచి చూడు, ఎంత నయమో తెలుస్తుంది."

సనియ్య నవ్వబోయింది. నవ్వు రాలేదు. గలాబియా మడత విప్పి, మళ్లీ మడిచింది.

"సంచి పోతే పోయింది. నువ్వు రా."

అతను కదిలాడు. గట్టు దాకా వచ్చాడు.

పాదాల నిండా బురద. ఆసుపత్రి నేల తెల్లగా ఉంటుంది.

మళ్లీ వంగాడు.

దోసిలితో నీళ్లు తీసుకుని కాళ్లు కడుక్కున్నాడు — మెల్లగా, వేళ్ల సందుల్లో కూడా...

నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.