గఫార్ నింపిన గ్యాస్

శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కన గఫార్‌కు కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు ఉంది. ముప్పై ఏళ్లుగా అదే పని. ఏప్రిల్‌లో ఒక పొద్దున మామిడిపల్లి నుంచి ఏలియా తన తొంభై మూడు మోడల్ కారు తీసుకొచ్చాడు.

"ఏసీ సల్లగ అయితలేదు, గఫార్ భాయ్. మీ వదినెకు ఊపిరితిత్తులు ఖరాబైనయి. వారానికి రెండుసార్లు దవాఖానకు తీస్కపోవాలె. వెనక సీట్ల ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకొని పోతున్నం. అద్దాలు దించితే దుమ్ము, ఎక్కిస్తే ఉక్క. తట్టుకుంటలేదు."

"గీ బండికి అసలు గ్యాస్ ఇప్పుడు దొరకదు, అన్నా. తయారుచేసుడే బందైంది. కొత్త రకానికి మార్చాలె. లోపట పాత నూనె కడిగి, రబ్బరు రింగులు, ఫిల్టర్ మార్చి, దానికి తగ్గ నూనె పొయ్యాలె. సాయంత్రం దాకా పడ్తది."

ఏలియా సరేనని బల్ల మీద కూర్చున్నాడు. గఫార్ బానెట్ లేపి పైపు మూతిని పానాతో కొంచెం వదులు చేశాడు. బుస్సుమంది. వెంటనే వంటింట్లో సిలిండర్ లీకైనప్పుడు వచ్చే వాసన ముక్కుకు తగిలింది.

అతని చెయ్యి ఆగిపోయింది.

ఆరేళ్ల కిందటి ఎండాకాలంలో పాత గ్యాస్ ఎక్కడా దొరకలేదు. వచ్చిన బండ్లు తిరిగిపోతాయన్న భయంతో అతను ఈ కారుతో పాటు మరికొన్నింటిలో వంటగ్యాస్ ఎక్కించాడు. చల్లదనం బాగానే వచ్చింది. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. ఆ ఏడాదే ఆ పని మానేశాడు. మానేశాడు కాబట్టి అంతా అయిపోయిందనుకున్నాడు.

ఏలియాను దూరంగా పొమ్మన్నాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ ఆపించాడు. కారును ఆరుబయటికి నెట్టి, లోపల మిగిలిన గ్యాస్ అంతా పోయేదాకా పక్కనే నిలబడ్డాడు. ఎవడో తెలియని మెకానిక్ పోశాడని చెప్పవచ్చు. ఏలియా నమ్ముతాడు కూడా.

"ఏందది, భాయ్?" ఏలియా దగ్గరికొచ్చి అడిగాడు.

"వంటగ్యాస్. లోపట పైపు పగిలితే మీరు కూసున్న కాడికే వస్తది. చిన్న నిప్పురవ్వ చాలు."

"ఎవడు పోసిండు?"

"నేనే, అన్నా."

ఏలియా వెనక తలుపు తెరిచి సీటు వైపు చూశాడు. విమానం ఒకటి తక్కువ ఎత్తులో దిగుతూ పోయింది.

"గీ బండిలనే నా మనుమరాండ్లను బడికి దించిన. ఆక్సిజన్ పెట్టుకొని ఆమెను తిప్పిన." గొంతు పెంచలేదు. "ఇగ పని చెయ్యి. నేను చూస్త."

బల్లను కారు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. గఫార్ ఒక్కొక్క రింగు అతనికి చూపించి మార్చాడు. పైపులు కడిగాడు. లోపలి గాలిని మెషిన్‌తో లాగేసి గంటసేపు వదిలేస్తే మీటరు ముల్లు కదల్లేదు, ఎక్కడా లీకు లేదు. అప్పుడు కొత్త గ్యాస్ ఎక్కించాడు. బానెట్ కింద ఆ గ్యాస్ పేరు, తన పేరు, ఫోన్ నంబరు రాసి అతికించాడు. మునుపటంత చల్లగా లేదు కానీ సరిపోతుంది.

తాళాలు ఇవ్వబోతే ఏలియా తీసుకోలేదు. "ఇంటిదాకా నువ్వే నడుపు. ప్రేమమ్మకు నువ్వే చెప్పాలె."

ప్రేమమ్మ ముక్కుకు గొట్టం పెట్టుకుని మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. గఫార్ నిలబడే అంతా చెప్పాడు. ఆమె ఊపిరి కూడదీసుకుని అడిగింది.

"గట్ల ఇంకెన్ని బండ్లల్ల పోసినవు?"

"ఐదింటిల, వదినా."

"వాళ్లకెరుకేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి నా ముంగట నిలబడి ఏం చేస్తవు? వాళ్ల కాడికి పో."

మరునాడు గఫార్ షెడ్డు తెరవలేదు. ఒక బండి అప్పటికే తుక్కుకు పోయింది. బుద్వేల్‌లో రుక్మిణమ్మ కారును ఆమె వాకిట్లోనే ఖాళీ చేశాడు. కొత్తూరులో వీరేందర్ గల్లీలో అందరి ముందూ కాలర్ పట్టుకుని చెంప మీద కొట్టాడు. గఫార్ చెయ్యి అడ్డం పెట్టలేదు. మూడో రోజు వీరేందరే వ్యాను తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు. నాలుగో బండి కూడా దొరికింది. ఐదోది చేతులు మారి ఎటు పోయిందో తెలియలేదు.

జూన్‌లో ఏలియా గ్యాస్ సరిగ్గా ఉందో లేదో చూపించుకోవడానికి వచ్చాడు. మునుపటిలా ముచ్చట పెట్టలేదు. చాయ్ ఇస్తే వద్దన్నాడు. మీటరు ముల్లును తానే వంగి చూసుకుని, కారెక్కి స్టార్ట్ చేసి, అద్దం దించాడు.

"ఆ బండ్లన్ని దొరికినయా?"

"ఒకటి దొరకలేదు, అన్నా."

"బండి నంబరు చెప్పు," అన్నాడు ఏలియా ఫోన్ తీస్తూ. "ఎయిర్‌పోర్టు డ్రైవర్లను నేను గూడ అడుగుత."