గెంతుడు పరీక్ష

పడవల సంగతి నన్ను మించి తెలిసినవాడు ఇంకా పుట్టలేదు. పడుచుతనంలో ఒక పడవలో నిలబడి గట్టిగా తుమ్మితే, దాని నేల విరిగి నీళ్ళలోకి జారిపోయాను. పైకి తేలేసరికి రెండు జేబుల్లోనూ రెండు చేపలు! సరే, నా ఘనత తర్వాత చెప్పుకుందాం. ముందు పుల్ల సంగతి వినండి.

ఆ మధ్యాహ్నం పుల్ల రేకుల షెడ్డులో ఒక పాత ఫైబర్ పడవ కడుపులో బోర్లా పడుకుని గ్రైండరు ఆడిస్తున్నాడు. తెల్లటి పొడి పొగలా లేచి అతని కనుబొమల మీద, మెడ మడతల్లో పేరుకుంటోంది. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు తడిసి గట్టిపడి అట్టలా అయింది. పుల్ల అన్నది తల్లి పెట్టిన పేరు కాదు. ఈ షెడ్డుకి వచ్చిన కొత్తలో దుక్కలా ఉండేవాడు. పొడి లోపలికి పోయి, దగ్గు పట్టుకుని, కండంతా కరిగి చివరికి పుల్ల మిగిలాడు.

పాత నేల కోసి తీసేశాక కింది దూలాలు బయటపడ్డాయి. పడవ పొడవునా ఉండే ఈ చెక్క దూలాలకి చుట్టూ ఫైబర్ పొర ఉంటుంది. నేల బరువూ, జనం బరువూ, అలల దెబ్బా మోసేది అవే. మరమేకుల సందుల్లోంచి నీళ్ళు దిగి లోపలి చెక్క నానిన రొట్టెలా తయారైంది. పుల్ల పొర కాస్త కోసి వేలు పెడితే వేలు దిగిపోయింది. ఒక ముక్క తీసి పిండితే నీళ్ళు కారాయి.

ఆ ముక్క పట్టుకునే యజమాని దగ్గరికి వెళ్ళాడు. ఆయన నిండైన మనిషి. కూర్చుంటే కుర్చీ కనిపించదు.

"దూలాలు పోయాయండి అయ్యగారూ. మొత్తం తీసి కొత్తవి వెయ్యాలి."

"పైన పొర బాగానే ఉంది కదరా?"

"పొర ఉందండి. లోపలే ఏం లేదు."

"అచ్చం నీలాగే అన్నమాట! నువ్వు తిరగట్లేదూ? అదీ తిరుగుతుంది" అని యజమాని తన మాటకి తనే నవ్వుకున్నాడు. "పైన ఇంకో పొర చుట్టి నేల మూసెయ్."

ఇలాంటి మరమ్మతులకని తెప్పించిన కలప అప్పటికే అయ్యగారి మేడ మెట్లకి వెళ్ళిపోయింది.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. పడవ అమ్మేటప్పుడు, నేల వేసినవాడే కొనేవాడి ఎదుట దాని నడిమధ్య నిలబడి గెంతాలి. పనివాడు తన కాళ్ళతో ఇచ్చే మాట అది. పాతకాలపు మేస్త్రీలు మొదలుపెట్టిన ఆ మంచి అలవాటులో మన యజమానికి లాభం కనిపించింది. పుచ్చు పడవలన్నీ ఏరి ఏరి పుల్లకే అప్పజెప్పేవాడు. పుల్ల గెంతితే దోమ వాలినట్టే. కింద ఏముందో నేల బయటపెట్టదు.

సాయంత్రం ఇంట్లో పుల్ల భార్య అతని ముంజేతి మీద అంటుకునే టేపు అద్ది చర్రున లాగింది. చర్మంలో దిగిన ఫైబర్ ముళ్ళు టేపుతో పాటు ఊడొచ్చి దీపం కింద మెరిశాయి.

"మనిషిని కట్టుకున్నాననుకున్నాను. ముళ్ళపందివి నువ్వు! కదలకు. ఇదిగో, చెప్పడం మరిచాను. మమ్మల్ని రోజూ పడవలో దాటించే సరంగు ఇంకో పడవ కొంటున్నాడట. ఇకనుంచి మా చేపల షెడ్డు ఆడవాళ్ళని దాంట్లోనే అవతలి ఒడ్డుకి దాటిస్తాడట. పాతదాంట్లో నీళ్ళు తోడుకోలేక చస్తున్నాం."

"ఏ పడవ?"

"నువ్వు బాగుచేస్తున్నదే. మా ఆయన వేసిన నేల ఏనుగు నడిచినా కదలదని అందరికీ చెప్పేశాను."

"ఎంతమంది ఎక్కుతారు?"

"అందరం ఒకేసారి. ఏంటయ్యా అలా చూస్తావు? నొప్పిగా ఉందా?"

"లేదు. లాగు."

ఆ పడవ పూర్తయింది. నేల మీద కొత్త రంగు అద్దంలా మెరిసింది. అంచున ఇంకా ఆరలేదు. సరంగు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. యజమాని చప్పట్లు కొట్టి పుల్లని పిలిచాడు.

"గట్టిగా గెంతవయ్యా. మా ఆడవాళ్ళు బుట్టలతో ఎక్కుతారు" అన్నాడు సరంగు.

పుల్ల నిచ్చెన దగ్గరే ఆగిపోయాడు. "నేను గెంతనండి."

"ఏరా, కాలు బెణికిందా?" అన్నాడు యజమాని.

"కాలు బాగానే ఉందండి. ఈసారి తమరు గెంతండి."

షెడ్డులో గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగాయి.

"నేనెందుకురా? నేల వేసింది నువ్వు!"

"వేయించింది తమరండి."

యజమాని మొహం కందగడ్డలా అయింది. విసవిసా నిచ్చెన ఎక్కి, రెండు కాళ్ళూ ఎగరేసి గెంతాడు. ఫెళ్ళున విరిగింది నేల! నడుం దాకా దిగబడి, సీసా మూతికి బిరడాలా బిగుసుకుపోయాడు. పదిమంది పట్టి లాగితే మనిషి వచ్చాడు గాని చెప్పులు రాలేదు. పుల్లకి వచ్చింది నవ్వో దగ్గో తెలియలేదు.

ఎంత బాగుంది వినడానికి! కాని ఆ గెంతుడు నేను కల్పించిందే. తుమ్ముకి పడవ విరగడమూ అంతేలెండి. నా చొక్కాకి జేబులే లేవు. ఒడ్డున నిలబడి నీళ్ళు చూస్తేనే కళ్ళు తిరిగే మనిషిని. ఆ షెడ్డు గేటు కాపలావాణ్ణి, అంతే.

జరిగింది ఇది. యజమాని నిచ్చెన ఎక్కాడు. ఒక కాలు నేల అంచున ఆనించాడు. కింద ఏదో కిర్రుమంది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"వీణ్ణి బయటికి తోలండి! పనిముట్లు ముట్టుకోనివ్వకండి. ఇంకెవడ్రా గెంతేది?" అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. అందరూ తమ కాళ్ళవంకే చూసుకుంటున్నారు. పుల్ల తువ్వాలు భుజాన వేసుకుని, దగ్గుకుంటూ నా పక్కనుంచే గేటు దాటాడు.

సరంగు నిచ్చెన ఎక్కి పడవ అంచు మీదికి వంగి చూస్తున్నాడు. ఆరని రంగులో యజమాని చెప్పు గుర్తుంది. ముందు సగమే. మడమ పడలేదు.

ఆ గుర్తు మాత్రం నేను కల్పించింది కాదు.