ఒకటి తక్కువైన లెక్క

చార్టు మీద స్కేలు పెట్టి, పెన్సిలు మొన నాలుకకు తాకించి, ఎడమ నుంచి కుడికి మొదటి గీత గీసింది ఆవిడ. దాని చివర నుంచి ఏటవాలుగా పైకి ఇంకొకటి, అక్కణ్ణుంచి వెనక్కి ఒకటి, తిన్నగా కిందికి ఒకటి. నాలుగు గీతలూ కలిస్తే కోల్డ్ స్టోరేజీ యంత్రం నిన్నంతా ఏం వెలగబెట్టిందో తేలిపోతుంది. యాపిల్స్ గదుల్లోంచి వేడిని ఎంత లాగింది, లాగడానికి ఎంత కరెంటు తాగింది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకె కోసమే పందొమ్మిదేళ్ళుగా ఆవిడకి జీతమిస్తున్నారు.

"మూడు పాయింట్ నాలుగు," అని పైకే అనుకుని నిట్టూర్చింది. ఎనిమిది నెలలుగా ఇదే అంకె. అంతకుముందు ఎన్నడూ నాలుగున్నరకి తగ్గింది లేదు.

ఆఫీసులో ఆవిణ్ణి పాయింటమ్మ అంటారు. కూరగాయల బండి దగ్గర కూడా ఒకటి పాయింట్ అయిదు కిలోలు అడుగుతుందని జోకు. పొట్టి మనిషి. మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, ఎండాకాలంలోనూ ముదురాకుపచ్చ స్వెట్టరు. ఆవిడ గదికీ చల్లగదికీ ఒకటే గోడ మరి. కుడిచేతి చిటికెన వేలి పక్కన పెన్సిలు మసి ఎంత తోమినా పోదు. పెళ్ళి కుదరలేదు, ఆ తర్వాత తనే వద్దనుకుంది. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేకపోయినా అయిదున్నరకి టంచనుగా ఇంటికెళ్ళిపోతుంది.

ఈ ఉద్యోగంలో పెట్టించింది అన్నయ్యే. కింద మిషను రూములో ఇరవయ్యారేళ్ళు ఆపరేటరుగా చేశాడు. స్క్రూడ్రైవరు మొన యంత్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. "ఇవాళ కాస్త గొంతు బొంగురుపోయింది దీనికి," అనేవాడు. మర్నాడు ఆవిడ లెక్కలోనూ అదే తేలేది. అన్నాచెల్లెళ్ళు ఒకరు చెవితో, ఒకరు పెన్సిలుతో ఒకే యంత్రాన్ని కాపాడుకొచ్చారు.

అంకె పడిపోయినప్పుడు మేనేజరు కారణం రాసిమ్మన్నాడు. ఆవిడ రాసింది: పైపుల మీద పేరుకున్న మంచు సరిగ్గా కరిగించడం లేదు, ఆపరేటరు అశ్రద్ధ కావచ్చు. కావచ్చు అనే రాసింది పాపం. ఆ మాటని పట్టించుకునే తీరిక ఎవరికుంది? అన్నయ్య ఆ కాగితం పట్టుకుని పైకొచ్చాడు.

"గదులు చల్లగానే ఉన్నాయి కదే. కరెంటు మీటరూ ఎప్పట్లాగే తిరుగుతోంది. ఓసారి కిందకొచ్చి చూడవే."

"లెక్క అబద్ధం చెప్పదన్నయ్యా," అంది, తల ఎత్తకుండా.

వారం తిరక్కుండా అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ రోజు నుంచి అన్నయ్య ఆవిడతో మాట్లాడలేదు. గుండె జబ్బుతో రెండు నెలలుగా మంచం పట్టి ఉన్నాడు. రెండుసార్లు చూడ్డానికి వెళ్తే రెండుసార్లూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తప్పు చేసినవాడికి అంత పంతమేమిటో అర్థం కాలేదు.

కొత్త ఆపరేటరు వచ్చినా అంకె మాత్రం పెరగలేదు. ముసలాయన యంత్రాన్నే పాడుచేసి పోయాడని తేల్చి, ఇవాళ దాన్ని ఆపి విప్పిస్తున్నారు. పది గంటలకి కింద నుంచి మెకానిక్ కబురు పంపాడు, లెక్కలావిణ్ణి ఒకసారి రమ్మని.

మిషను రూములో ఆ నిశ్శబ్దం ఆవిడకి కొత్త. నేలమీద పాత గుడ్డ పరిచి భాగాలు వరసగా పేర్చాడు మెకానిక్.

"ఏం పాడైందనమ్మా దీన్ని విప్పించారు? ఎక్కడా గీత కూడా పడలేదు. ఎవరో ప్రాణంలా చూసుకున్నారు."

ఆవిడ కళ్ళు గోడమీదికి వెళ్ళాయి. యంత్రం ఆవిరిని లోపలికి పీల్చుకునే పైపు మీద ఒత్తిడి కొలిచే గుండ్రటి గేజి. పైపు విప్పేసి ఉంది. ముల్లు సున్నా దగ్గర ఉంది.

"ఈ గేజి చెడిపోయిందా?"

"చెడిపోవడమేంటమ్మా? పైపులో గాలి తప్ప ఏముంది? సున్నాయే చూపించాలి."

"ఒకటి చూపించాలి," అంది ఆవిడ. "ఎప్పుడూ ఒకటి దగ్గరే ఆగేది."

"అది పాతది. దాని అద్దం పగిలితే నేనే మార్చాను. ఎనిమిది నెలలవుతోంది."

ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. చుట్టూ ఉన్న గాలికీ ఒత్తిడి ఉంటుంది. లెక్కలో దాని విలువ ఒకటి. పాత గేజి ఆ ఒకటిని కలుపుకునే చూపించేది. కొత్తది సున్నా నుంచి మొదలుపెడుతుంది, చార్టు మీద పెట్టేముందు దానికి ఒకటి కలపాలి. ఆవిడకి రోజూ ఆపరేటరు రాసిన చీటీల్లో అంకెలు పైకొచ్చేవి గానీ గేజి మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు చెప్పలేదు సరే, తను ఎందుకు దిగిరాలేదు? పద్నాలుగు మెట్లు. కిందకొచ్చి చూడవే అని బతిమాలాడు కదా.

పైకొచ్చి చీటీల కట్ట విప్పింది. గేజి మార్చిన రోజు నుంచి అన్నయ్యని తీసేసిన రోజు వరకూ నలభై ఒక్క చీటీలు. మొదటిదానికి ఒకటి కలిపి గీతలు గీసింది. నాలుగు పాయింట్ అయిదు. రెండోదీ అంతే. మూడో చీటీ ముందుకి లాక్కుంది.

పన్నెండున్నరకి వదిన ఫోను చేసింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య నిన్ను రమ్మంటున్నారు."

"నన్నా? నోటితో అడిగాడా వదినా?"

"నోటితోనే. పొద్దుట్నుంచి ఒంట్లో ఏం బాగాలేదు. ఒక్కసారి వచ్చి వెళ్ళకూడదూ?"

గబుక్కున లేచి నిలబడింది. చెప్పులు కూడా తొడుక్కుంది. బల్లమీద ఇంకా ఇరవై ఆరు చీటీలున్నాయి. ఇన్ని నెలల తర్వాత పిలిచినవాడి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? ఉత్తి చేతులతో వెళ్ళి, తప్పయింది అన్నయ్యా అంటే సరిపోతుందా? మేనేజరు సంతకమున్న కాగితం చేతిలో పెడితే కదా ఆ మనిషి మొహం వెలిగేది!

"సాయంత్రం వస్తాను వదినా. మంచి మాట తెస్తున్నానని చెప్పు," అని మళ్ళీ కూర్చుంది. ఏ లెక్కనీ మధ్యలో వదిలేసి లేచింది కాదు ఆవిడ, పుట్టి బుద్ధెరిగాక. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

నాలుగింటికి మేనేజరు ఆవిడ రాసిచ్చిన కొత్త లెక్క కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడివన్నీ ఎవరడిగారమ్మా? రేపట్నుంచి ఒకటి కలుపుకోండి, సరిపోతుంది."

"నలభై ఒక్క రోజులు కలపలేదు సార్. ఆపరేటరు తప్పేమీ లేదని కింద ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి."

"పెడితే మీ మెడకే చుట్టుకుంటుంది. ఉద్యోగం పోవచ్చు, తెలుసా?"

"చుట్టుకోనివ్వండి సార్."

ఆయన గంటసేపు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆవిడ బల్లకి ఎదురుగా నిలబడే ఉంది. చివరికి విసుగ్గానో జాలిగానో సంతకం గీకి పారేశాడు. ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్వెట్టరు జేబులో దాచుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏ మాటతో మొదలుపెట్టాలా అని దారి పొడుగునా వెతుక్కుంది. అన్నయ్యా, నీ యంత్రం బాగుందిరా. అంతే అందాం. ఆ తర్వాత వాడు ఎన్ని తిట్టినా పడదాం.

ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కింటివాళ్ళు ఆవిణ్ణి చూసి పక్కకి తప్పుకున్నారు.

"మూడింటికి," అంది వదిన గుమ్మంలో. "నీళ్ళు అడిగారు. తెచ్చేసరికి లేరు."

అన్నయ్య గోడవైపు తిరిగి లేడు. గుమ్మంవైపే తిరిగి ఉన్నాడు. ఆవిడ మంచం పక్కన నేలమీద కూర్చుని, జేబులోంచి కాగితం తీసింది. మడతలు విప్పింది. ఇరవై ఆరు చీటీలు. వదిలేసి వచ్చుంటే ఒంటిగంటకల్లా ఇక్కడుండేది. "ఒరే అన్నయ్యా," అంది. అంతే, బావురుమంది.

చాలాసేపటికి వదిన అలమార లోంచి పాత లుంగీ గుడ్డలో చుట్టినదేదో తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"పాత ఇనుములో పారేస్తుంటే తెచ్చుకున్నారు. మంచం మీంచి రోజూ దీన్నే చూసేవారు. పోయిన నెలలో ఓ రోజు తనలో తను నవ్వుకున్నారు. చెల్లాయ్ ఒకటి కలపలేదే, అన్నారు. నేను నీకు ఫోను చెయ్యబోతే వద్దన్నారు. బయటపడితే దాని ఉద్యోగం పోతుంది, ఒంటరిది, ఏం తిని బతుకుతుంది, అని. ఇవాళ మాత్రం, ఇది దానికిచ్చెయ్, ఎవరికీ చూపించొద్దని చెప్పు, అన్నారు."

ఆవిడ గుడ్డ విప్పింది. అరచేతిలో పట్టేంత ఇత్తడి గేజి, ఏ పైపుకీ తగిలించకుండా, అడ్డంగా పగిలిన అద్దం కింద ముల్లు ఒకటి దగ్గర ఆగి ఉంది.